వారానికొక సూది



ఈ నెల మేము మొదట మా తప్పు ఒప్పుకోవాలి. క్రొత్త సంవత్సరపు ఆరాధనలు ముగిసిన వారంలో ఆర్మూరు దగ్గరి ఒక గ్రామం నుండి ఒక సహోదరి మాకు ఉత్తరం వ్రాశారు. ఆమె భర్తకు 54 ఏళ్ళు. నాలుగెకరాల పసుపు, రెండెకరాల ఎర్రజొన్న. పదకొండేళ్ళుగా షుగరు. బరువు 96 కిలోలు. "మోకాళ్ళు పట్టుకొని లేస్తడు, మోకాళ్ళు పట్టుకొని కూసుంటడు" అని వ్రాశారామె. కొడుకు గల్ఫులో ఉన్నాడు. అక్కడ తనతో పనిచేసేవాళ్ళు వారానికొకసారి పొట్టమీద ఒక సూది వేసుకొని షుగరు, బరువు రెండూ తగ్గించుకుంటున్నారని, నాన్నకు కూడా అదే మొదలుపెట్టాలని పట్టుబట్టాడు. సహోదరి మమ్మల్ని మూడు సంగతులు అడిగారు. ఈ సూది మంచిదేనా? పసుపు అమ్మిన డబ్బులో చిన్నబిడ్డ నర్సింగు చదువుకని తీసిపెట్టినది ఉన్నది, దానిని దీనికి పెట్టవచ్చునా? ఇక మూడవది, ఆకలి చంపుకోవడానికి సూది వేసుకోవడం నోరు కట్టుకోలేనివాడు చేసే పని అని సంఘంలో ఒక పెద్ద అన్నారట, అది నిజమేనా?

మేము జవాబుగా వ్రాసినవి రెండే వాక్యాలు. "డాక్టరు గారిని అడగండి. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుంటాము." అంతే. పత్రిక అచ్చుకు పంపే తొందరలో ఉన్నాము, ఆ మందును గూర్చి మాకూ అప్పటికి సరిగా తెలియదు. తెలియదని చెప్పడానికి మొగమాటపడి డాక్టరు గారి మీద వేశాము.

శ్రమదినములు మొదలైన తరువాత ఒక పెండ్లి నిమిత్తం ఆర్మూరు వెళ్ళాము. సిద్ధులగుట్ట నల్లరాళ్ళు కనబడగానే ఆ ఉత్తరం గుర్తుకు వచ్చింది. పెండ్లి అయిన మరునాడు ఆ ఇల్లు వెదుక్కుంటూ వెళ్ళాము. కళ్లంలో ఉడకబెట్టిన పసుపు ఆరబోసి ఉంది. ఆ వాసన తెలిసినవారికి చెప్పనక్కరలేదు, బట్టలకు పట్టి ఇంటిదాకా వస్తుంది. బావగారు (ఆ సహోదరి మమ్మల్ని అన్నా అని పిలుస్తారు కాబట్టి ఆయన మాకు బావగారే) నులకమంచం మీద పడుకొని ఉన్నారు. ముఖం పీక్కుపోయింది.

జరిగినది ఇది. మా జవాబు చేరేలోపే కొడుకు స్నేహితుని చేత సూదిమందు పంపించాడు. పెన్ను వంటిది, చివర చిన్న సూది. ఏ డాక్టరూ చూడలేదు, ఏ చీటీ లేదు. ఎలా వేసుకోవాలో ఫోనులో చూపించాడు. మొదటి రెండు వారాలు చిన్న మోతాదు వేశారు. అన్నం సయించలేదు, రెండు కిలోలు తగ్గారు, ఇల్లంతా సంతోషించింది. మూడవ వారం కొడుకు, "నా దోస్తు పెద్ద డోసు ఏసుకుంటడు, గదే ఏసుకో బాపూ, జల్ది తగ్గుతవు" అన్నాడు. వేసుకున్నారు. ఆ రాత్రి నుండే వాంతులు. రెండు రోజులు గుక్కెడు గంజి కూడా నిలువలేదు. మూడవ రోజు శుక్రవారం, సంఘంలో ఉపవాస ప్రార్థన. "ఎట్లాగూ తింటలేను, ఉపాసముంట" అని ఉన్నారు. అయితే పదకొండేళ్ళ అలవాటు కొద్దీ పొద్దున్నే షుగరు మాత్రలు మాత్రం వేసుకున్నారు. మధ్యాహ్నం కళ్లంలో పసుపు తిరగేస్తూ కుప్పకూలారు.

"ఎండదెబ్బ అనుకున్నం అన్నా" అన్నారు సహోదరి. "తలమీద నీళ్ళు పోసినం. ఆయన ఏందేందో మాట్లాడుతున్నడు. ఒళ్ళంత చెమట."

కోడలు తెలివైనది. పదవ తరగతితో చదువు ఆగిపోయిందట గాని ఇంట్లో ఉన్న షుగరు మిషనుతో వేలు గుచ్చి చూసింది. 41. ఇంకా మింగగలుగుతున్నారని చూసుకొని చక్కెర నీళ్ళు త్రాగించింది. పావుగంట తరువాత మళ్ళీ చూసి మళ్ళీ ఇచ్చింది. ఆ తరువాత నిజామాబాదు ఆసుపత్రిలో రెండు రోజులు సెలైను. ఆ అమ్మాయి గుచ్చి చూడకపోయి ఉంటే ఎండదెబ్బ అనే అందరం అనుకునేవాళ్ళం.

ఆ మంచం ప్రక్కన కూర్చున్నప్పుడు మా రెండు వాక్యాల జవాబు గుర్తుకు వచ్చి తల ఎత్తలేకపోయాము. జనవరిలో వ్రాయవలసిన ఉత్తరం ఇప్పుడు వ్రాస్తున్నాము. మన సంఘములలో ఇటువంటి సూదులు ఇంకా ఎన్ని ఇండ్లలో ఫ్రిజ్ తలుపు అరలో ఉన్నాయో మాకు తెలియదు. కాబట్టి కొంచెం పొడుగైనా చదవండి.

అసలు ఇది ఏమి మందు? మనం అన్నం తినగానే పేగుల నుండి ఒక రసం రక్తంలో కలుస్తుంది. అది క్లోమానికి "షుగరు వస్తున్నది, ఇన్సులిన్ విడువుము" అని చెబుతుంది, కడుపుకు "నిదానంగా క్రిందికి పంపు" అని చెబుతుంది, మెదడుకు "ఇక చాలు" అని చెబుతుంది. దాని పేరు జి.ఎల్.పి.-1. మన ఒంట్లో పుట్టేది నిమిషాలలోనే కరిగిపోతుంది. దానివలెనే పనిచేస్తూ వారం రోజులు ఒంట్లో నిలిచేటట్లు తయారు చేసినదే ఈ సూదిమందు. ఇందులో ముఖ్యమైనవి రెండు. ఒకటి సెమాగ్లుటైడ్, షుగరుకు ఓజెంపిక్ అని, బరువుకు వెగోవి అని అమ్ముతారు. రెండవది టిర్జెపటైడ్, దీని అమ్మకం పేరు మౌంజారో. ఇది ఒకటికి రెండు పేగురసాల పని చేస్తుంది.

దీని పుట్టుక విచిత్రం. అమెరికా ఎడారులలో గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉంది. ఏడాదికి కొద్దిసార్లు మాత్రమే తిని బ్రదుకుతుంది. న్యూయార్కులో డాక్టరు జాన్ ఎంగ్ గారు దాని విషంలో మన పేగురసాన్ని పోలిన పదార్థాన్ని కనుగొని 1992 లో ప్రకటించారు. అందులో నుండి వచ్చిన మొదటి మందుకు 2005 లో అమెరికాలో అనుమతి దొరికింది. అది రోజుకు రెండుసార్లు వేసుకోవలసినది. వారానికొకసారి వేసే సెమాగ్లుటైడ్‌కు 2017 చివరలో, టిర్జెపటైడ్‌కు 2022 లో అక్కడ అనుమతి వచ్చింది. మన దేశంలో మౌంజారో 2025 మార్చిలో, వెగోవి అదే ఏడాది జూనులో అమ్మకానికి వచ్చాయి. కాబట్టి ఊరి దుకాణదారునికి, ఊరి డాక్టరుకు కూడా ఇది క్రొత్తదే. వారు తడబడితే ఆశ్చర్యపోనక్కరలేదు.

ఇది ఇన్సులిన్ కాదు. ఈ మాట రెండుసార్లు చదవండి. ఇన్సులిన్ సూది అంటే మన పల్లెలలో "ఆఖరుకు వచ్చిండు" అని భయం. ఆ భయంతో సంవత్సరాలు వాయిదా వేసి కాళ్ళు, కళ్ళు పోగొట్టుకున్నవారిని మేము ఎరుగుదుము. అదే మనుషులు బరువు తగ్గే సూది అనగానే చేయి చాపుతున్నారు! 1922 జనవరిలో కెనడాలోని టొరంటో నగరంలో లెనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ బాలునికి మొట్టమొదట ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు అటువంటి పిల్లలకు చావు తప్ప వేరే దారి లేదు. దానిని కనుగొన్నవారు పేటెంటు హక్కును ఒక్కొక్క డాలరుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు. చిన్నతనంలోనే షుగరు వచ్చి క్లోమంలో ఇన్సులిన్ పుట్టనివారికి ఈనాటికీ ఇన్సులిన్నే ప్రాణాధారం. వారానికొక సూది దొరికిందని రోజువారీ ఇన్సులిన్ మానిపిస్తే ఆ బిడ్డ దక్కడు.

వారం వారం సూది కోసం మన జిల్లా మనుషులు బారులు తీరడం ఇదే మొదటిసారి కాదని ఆ రోజు మాటలలో బావగారితో అన్నాము. ఆర్మూరు నుండి కామారెడ్డి పోయే పెద్దరోడ్డు మీద డిచ్‌పల్లి ఉంది. స్కాట్లాండు నుండి వచ్చిన డాక్టరమ్మ ఇసబెల్ కెర్ గారు, ఆమె భర్త జార్జి కెర్ గారు 1915 లో అక్కడ కుష్ఠు ఆసుపత్రి స్థాపించారు. నిజామాబాదు వాస్తవ్యులైన రాజా నర్సా గౌడ్ గారు దానికి ధనసహాయం చేశారు. అప్పటికి ఉన్న ఒకే ఒక మంచి మందు చాల్‌మూగ్రా జాతి గింజల నూనె. దానిని సూది ద్వారా నెలల తరబడి, సంవత్సరాల తరబడి ఎక్కించేవారు. నొప్పి విపరీతం. ఆ సూది ఒక్కటే అక్కడ వైద్యం కాదు. మంచి తిండి, పొలం పని, శుభ్రత, పుండ్లకు కట్లు అన్నీ కలిపితేనే వైద్యం. తరువాత మాత్రలు వచ్చి ఆ నూనె మూలపడింది. బావగారి తాతగారు చిన్నతనంలో ఆ ఆసుపత్రికి పాలు పోసేవారట. "సూదికంటే బువ్వకే మంది లేచి కూసున్నరు అనేటోడు మా తాత" అన్నారాయన, ఆ రోజు మొదటిసారి నవ్వుతూ.

ఇప్పుడు మేలు సంగతి. అబద్ధం చెప్పకూడదు, ఈ మందు పనిచేస్తుంది. 2021 లో ప్రచురించిన ఒక పెద్ద పరీక్షలో, షుగరు లేని లావుపాటి వారు 68 వారాలు సెమాగ్లుటైడ్ వాడితే సగటున నూటికి 15 వంతుల బరువు తగ్గింది. ఉత్త సూది వేసుకున్నవారికి తగ్గినది రెండున్నర వంతులే. టిర్జెపటైడ్ పెద్ద మోతాదుతో 72 వారాలలో నూటికి 20 వంతులు తగ్గినట్లు 2022 లో తేలింది. షుగరు ఉన్నవారికి బరువు ఇంతకంటే తక్కువగానే తగ్గుతుంది, కాని షుగరు బాగా దిగుతుంది. గుండెజబ్బు ఉండి బరువెక్కువున్న 17,604 మందిని పరీక్షించి 2023 లో చెప్పినదేమంటే, సెమాగ్లుటైడ్ వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు చావులు అయిదింట ఒక వంతు తగ్గాయి. షుగరు వలన చెడిన మూత్రపిండాలకు కూడా మేలు చేస్తుందని 2024 లో తెలిసింది. చిన్న సంగతి కాదు ఇది. మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని భారత వైద్య పరిశోధనా మండలి వారి లెక్క 2023 లో వచ్చింది. పదిమంది పెద్దవాళ్ళు కూర్చున్న బల్లమీద ఒకరికి ఉన్నట్టే.

అందుకే ఆ పెద్దగారు అన్నమాట మాకు నచ్చలేదు. నోరు కట్టుకోలేనివాడు అనడం సులువు. ఆకలి అనేది ఒకరికి ఒకలాగ, మరొకరికి మరొకలాగ ఉంటుంది. బరువు తగ్గినకొద్దీ ఒళ్ళు ఆకలిని పెంచి పోయిన బరువును వెనక్కి లాక్కుంటుంది. మన జాతివారికి మరొక చిక్కు కూడా ఉంది, పైకి సన్నగా కనబడుతూ పొట్టలో కొవ్వు చేరుతుంది. మగవారికి నడుము చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్తపడమని డాక్టర్లు చెబుతున్నది అందుకే. కండ్లకు అద్దాలు పెట్టుకున్నవానిని చూపు కట్టుకోలేదని మనం అనము కదా! ఇది మందు. అవసరమైనవానికి మందు వాడడంలో సిగ్గు లేదు. అయితే అవసరమా కాదా అన్నది కొడుకు స్నేహితుడు నిర్ణయించేది కాదు.

సూది వేసుకునే ముందు డాక్టరు అడగవలసినవి కొన్ని ఉన్నాయి, అడగకపోతే మనమే చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ గ్రంథికి మెడుల్లరీ అనే రకం క్యాన్సరు వచ్చిందా? క్లోమం వాచి ఆసుపత్రిలో పడిన సంగతి ఎప్పుడైనా ఉందా? పిత్తాశయంలో రాళ్ళున్నాయా? (క్లోమం వాపుకు సారా, కల్లు పెద్ద కారణాలు. మనవారు కల్లు ముట్టరని మనం చెప్పుకుంటాము గాని డాక్టరు దగ్గర మాత్రం నిజం చెప్పండి, ఆయన సంఘపెద్ద కాదు.) కంటిలోపలి నరాలను పరీక్ష చేయించారా? చాలాకాలంగా ఎక్కువగా ఉన్న షుగరు ఒక్కసారిగా దిగితే అప్పటికే చెడిన కన్ను మరింత చెడవచ్చును, కాబట్టి ముందు కంటిడాక్టరు, తరువాత సూది. వాడుతుండగా పొట్ట పైభాగంలో పొడిచినట్లు విడువని నొప్పి వచ్చి వీపుకు ప్రాకి, వాంతులు కూడా అయితే మరుసటి సూది సంగతి మరచి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆ ఇంట్లో జరిగినదే. ఈ సూది ఒక్కటే అయితే షుగరును మరీ క్రిందికి తోయదు, ఎందుకంటే రక్తంలో షుగరు ఎక్కువ ఉన్నప్పుడే ఇది ఇన్సులిన్‌ను పురికొల్పుతుంది. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు అలా కాదు, తిన్నా తినకపోయినా క్లోమాన్ని పిండుతాయి. బావగారు పదకొండేళ్ళుగా మింగే మాత్రలో గ్లిమిపిరైడ్ ఉంది. ఆకలి లేదు, వాంతులు, ఉపవాసం, పైన ఆ మాత్ర! సూది మొదలుపెట్టే రోజే ఈ మాత్రలను, ఇన్సులిన్ వాడేవారైతే దానిని, ఎంత తగ్గించాలో డాక్టరు లెక్క కట్టాలి. వేసిన సూదిని వెనక్కి తీయలేము, వారం రోజులు ఒంట్లోనే ఉంటుంది. అందుకే చిన్న మోతాదుతో మొదలుపెట్టి, కనీసం నాలుగు వారాలు ఒక్కొక్క మెట్టు మీద నిలిచి తరువాతి మెట్టు ఎక్కమంటారు. మెట్లు దూకితే ఏమవుతుందో పైన చదివారు. ఒక వారం మరచిపోతే రెండూ కలిపి వేసుకోకూడదు.

షుగరు పడిపోయినప్పుడు గుర్తులు: చల్లని చెమట, వణుకు, గుండెదడ, చూపు మసక, పొంతన లేని మాటలు. మింగగలిగితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగించి, పావుగంటకు మళ్ళీ చూడాలి. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది, బండి కట్టించండి.

ఉపవాసం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. షుగరు మాత్రలు, ఇన్సులిన్, ఈ సూదులు వాడేవారు పూర్తి ఉపవాసానికి ముందు డాక్టరుతో మాట్లాడాలి. పాస్టరుగార్లకు మా మనవి ఒకటి ఉంది. ఉపవాస ప్రార్థన ప్రకటించేటప్పుడు "షుగరువారు గంజి త్రాగి రండి" అని బల్లమీది నుండి ఒక్కమాట చెప్పండి. మీరు చెప్పకపోతే వారు ఒప్పుకోరు. ప్రక్కవాడు పస్తుండగా తాను త్రాగడానికి సిగ్గుపడతారు. బావగారు ఆ రోజు సిగ్గుపడ్డారు, అడిగితే ఒప్పుకున్నారు.

డబ్బు విషయం. 2025 లో మౌంజారో వచ్చినప్పుడు వారానికి సరిపోయే చిన్న సీసా 3,500 రూపాయలు, తరువాతి మెట్టు 4,375. అంటే నెలకు 14,000 నుండి 17,500. వెగోవి నెలకు 17,345 తో మొదలై అదే నవంబరులో తొలి మోతాదు 10,850 కి దిగింది. మీ కొమ్ము క్వింటాలుకు ఏ ధర పలికిందో మీకే తెలుసు, లెక్క వేసుకోండి. జూనులో విత్తనం పెట్టి, ఎనిమిది తొమ్మిది నెలలు కాచి, త్రవ్వి, ఉడకబెట్టి, ఆరబోసి, డ్రమ్ములో తిప్పి గంజ్‌కు తెచ్చిన క్వింటాలు అది. సెమాగ్లుటైడ్ మీద మన దేశపు పేటెంటు 2026 మార్చి వరకే. పేటెంటు తీరిన మందును ఇతర కంపెనీలూ చేయవచ్చును కాబట్టి ధరలు ఒకచోట నిలువవు, కొనే ముందు ప్రతిసారీ కనుక్కోండి. కాని ఎంత తగ్గినా ఇది నాలుగు నెలల ఖర్చు కాదు. సెమాగ్లుటైడ్ మానివేసిన సంవత్సరంలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్లు పరీక్షలలోనే తేలింది. అప్పుచేసి మొదలుపెట్టి పంట చెడిన ఏడు మానేసేటట్లయితే, ఆ డబ్బు పోయినట్టే. చిన్నబిడ్డ నర్సింగు ఫీజు దీనికి తీయవద్దని సహోదరితో స్పష్టంగా చెప్పాము. ఈ ఒక్క విషయంలో మేము డాక్టరు గారిని అడగమనలేదు.

ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే మెట్‌ఫార్మిన్‌ను చులకన చేయకండి. పాతదే, నమ్మకమైనదే. బావగారి మూడు నెలల షుగరు పరీక్ష 9.4 చూపిందంటే మందు పనికిరాలేదని కాదు, ఏడాదిలో సగం రోజులు మరచిపోయారని. అది కోడలు చెప్పింది, ఆయన కాదు. ఇంకొకటి. పసుపు నీళ్ళు త్రాగితే షుగరు పోతుందని, పసుపు పండించే ఊళ్ళో షుగరేమిటని నవ్వేవారున్నారు. పసుపు మంచి వంటదినుసు, మంచి పంట. షుగరు మాత్ర మానిపించేంత పని అది చేయదు. చేసేదైతే ఆర్మూరు, బాల్కొండ వైపు షుగరు ఆసుపత్రులకు పనే ఉండేది కాదు!

డాక్టరు చూసి వ్రాసి ఇచ్చినవారికి ఇంటి జాగ్రత్తలు. మందు ఫ్రిజ్‌లో 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఐసు గడ్డకట్టే పై అరలో పెడితే పాడైపోతుంది, గడ్డకట్టినది కరిగినా వాడకూడదు. బయట ఎన్ని రోజులు ఉంచవచ్చునో ఒక్కొక్క మందుకు ఒక్కొక్క లెక్క, అదైనా 30 డిగ్రీల లోపు మాట. మే నెలలో మన ఇండ్ల వేడి 40 దాటుతుంది, కరెంటు పోతుంది. గల్ఫు నుండి సంచిలో రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చిన పెన్ను ఎంత వేడి త్రాగిందో ఎవరికి తెలుసు? బిల్లు ఇచ్చే దుకాణంలోనే, చీటీతోనే కొనండి, మంచుబిళ్ళల డబ్బాలో ఇంటికి తెచ్చుకోండి. సూది పొట్టమీద గాని తొడమీద గాని చర్మం క్రింద వేయాలి, వారం వారం చోటు మార్చాలి, సూది మొన ప్రతిసారీ క్రొత్తది. భార్యాభర్తలు ఒకే పెన్ను పంచుకోవడం మేము కంటితో చూశాము. మొన మార్చినా ఒకరి రక్తం లోపలికి పోయి మరొకరికి జబ్బు అంటవచ్చును. మంచం, కంచం పంచుకోండి, పెన్ను మాత్రం వద్దు. ఏదైనా ఆపరేషను ఉంటే మత్తు డాక్టరుకు ఈ మందు సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే పొద్దున తిననివాని కడుపులో కూడా రాత్రి అన్నం మిగిలి ఉండవచ్చును.

తల్లులకు ఒక మాట. పెండ్లి కుదిరిన ఆడపిల్లను రెండు నెలలలో సన్నబరచడానికి ఈ సూది వేయిద్దామనే ఆలోచన పట్టణాల నుండి మన వైపు వస్తున్నది. గర్భంతో ఉన్నప్పుడు ఇది వాడకూడదు. సెమాగ్లుటైడ్ అయితే గర్భం రావడానికి రెండు నెలల ముందే మానాలి. టిర్జెపటైడ్ గర్భనిరోధక మాత్రల పని తగ్గిస్తుంది కూడా. నాలుగు కిలోలు ఎక్కువున్న ఆరోగ్యవంతురాలైన పిల్లకు ఇది మందే కాదు. సంబంధం చూడవచ్చినవారు బరువు అడిగితే వారి సంబంధమే వద్దనండి.

తిండి సంగతి కోడలితోనే ఎక్కువ మాట్లాడాము, వండేది ఆమె గనుక. ఆకలి తగ్గినప్పుడు మనిషి మొదట మానేది పప్పు, గుడ్డు, కూర, చివరికి మిగిలేది రెండు ముద్దల తెల్లన్నం, చారు. అప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. కండ పోయిన రైతు పసుపు బస్తా ఎత్తలేడు. కాబట్టి ముందు పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర తిని, కడుపులో చోటుంటే అన్నం. జొన్నరొట్టె మనకు ఉండనే ఉంది. అంకాపూరు నాటుకోడి కూర పేరు హైదరాబాదు దాకా పోయింది, దానిని మానమని మేము చెప్పము. ముక్కలు తినండి, నూనె తేలే పులుసు కొంచెం తగ్గించండి. కొద్దికొద్దిగా, నిదానంగా తినాలి, నీళ్ళు బాగా త్రాగాలి, లేకపోతే వాంతులు, మలబద్ధకం రెండూ పట్టుకుంటాయి.

ఏప్రిల్ చివరలో కోడలితో ఫోనులో మాట్లాడాము. నిజామాబాదు డాక్టరు గారు గల్ఫు పెన్నును పారవేయించారట. గ్లిమిపిరైడ్ ఆపి, మెట్‌ఫార్మిన్ రెండు పూటలా మరచిపోకుండా వేసుకొమ్మని, కంటి పరీక్ష చేయించుకొమ్మని, మూడు నెలల తరువాత రక్తం చూసి సూది కావాలో వద్దో అప్పుడు చెబుతానని అన్నారు. కొడుకు ఫోనులో ఏడ్చాడట. నాన్న మీద ప్రేమతోనే చేశాడు పాపం, అతనిని ఎవరూ ఒక్కమాట అనలేదు. కోడలు ఒక నోటుపుస్తకం పెట్టింది. పొద్దున షుగరు, మాత్ర వేసుకున్నారా లేదా, ఆదివారం ఆదివారం బరువు.

"ఇంట్లో బరువు చూసే మిషను ఉందా అమ్మా?" అని అడిగాము.

"లేదు మామా. పసుపు బస్తాలు తూచే కాంటా ఉన్నది గద. గుడికి పోయే ముందు మామయ్యను దానిమీదనే నిలబెడుతున్న. మొన్న తొంభై ఒకటిన్నర."